బార్లీ నింపిన కాళ్లు

మేము కొండల్లోని ఆ సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఉష్ణోగ్రత సున్నాకు పదకొండు డిగ్రీల కింద. గాలి లేదు. పొగమంచు నేలకు అంటుకుని ఉంది. బంకర్ నుంచి ఊరు, మా అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎంతో, అంత దూరం. ఆ ఎత్తులో, సామానుతో, గంటన్నర నడక.

సైన్యంలో నేను తుపాకీ కంటే టేపు ఎక్కువ పట్టాను. నడవలేనివాళ్లకు క్యాలిపర్లు, అంటే కాలిని నిలబెట్టే కడ్డీల చట్రాలు, తయారుచేసే టెక్నీషియన్ని. ఆర్డరు క్లుప్తంగా ఉంది. ఊళ్లో ఏడుగురు పిల్లల కాళ్లకు అచ్చులు తీయాలి. కింద బేస్ వర్క్‌షాప్‌కు పంపాలి. క్యాలిపర్లు రాగానే తొడిగి, కనుమ మంచుతో మూసుకుపోకముందే దిగిపోవాలి. ఈసారి తప్పితే మళ్లీ వేసవికే. అప్పటికి పిల్లలు ఎదుగుతారు, కొలతలు పనికిరావు.

చివరి పిల్లకు ఎనిమిదేళ్లు. పుట్టుకతో వెన్నులో లోపం. కుడి మోకాలి కింద స్పర్శ లేదు. మాతో వచ్చిన డాక్టర్ మేజర్ సాబ్ సూదితో గుచ్చి చూశారు. ఆ పిల్ల కిటికీలోంచి గొర్రెలను చూస్తూనే ఉంది.

తడి ప్లాస్టర్ కట్టు చుట్టాను. గట్టిపడ్డాక నిలువుగా కోసి తీసి, కోతను మళ్లీ అతికించాను. లోపల బోలుగా ఉన్న ఏడు తెల్లటి కాళ్లను ఊళ్లో మాకిచ్చిన కొట్టంలో గోడవారన నిలబెట్టాం.

సాయంత్రం తల్లులు వచ్చారు. ఎవరి బిడ్డ అచ్చులో వాళ్లు ఒడిలోంచి బార్లీ గింజలు పోశారు. మాకూ ఊరివాళ్లకూ మధ్య మాట అందించే పోర్టర్ చెప్పాడు: "మనిషి ఆకారం ఖాళీగా ఉండకూడదు సాబ్. ఖాళీగా ఉంటే ఇంకేదో వచ్చి కూర్చుంటుంది."

మా రేడియో ఆపరేటర్‌ది సనత్‌నగర్. "ఖాళీ ఊయల ఊపితే మీ అమ్మ తిట్టకపోతుండెనా? గిది సుత గంతే. ఉండనీయ్ అన్న," అన్నాడు.

ఉండనిచ్చాను. కానీ పొద్దున తీయక తప్పలేదు. లోపల ఒక్క గింజ అంటుకున్నా క్యాలిపర్‌లో బొడిపె వస్తుంది. అది ఒరుసుకుని పుండు పడుతుంది. స్పర్శ లేని పిల్లకు పుండు చీము పట్టేదాకా తెలియదు.

ఒక్కో అచ్చులోని గింజలను విడిగా ఒక్కో సంచిలోకి వంచాను. ఆరింటి గింజలు రాళ్లలా చల్లగా ఉన్నాయి. ఏడోదాంట్లోవి, ఆ చివరి పిల్లవి, వెచ్చగా జారాయి. ఇప్పుడే మనిషి లేచిన దుప్పటిలా.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, నిజమే. అరగంటలో చల్లారుతుంది. ఇది నిన్నటిది.

రేడియో ఆపరేటర్ సంచిలో చెయ్యి పెట్టాడు. "అన్న, గీడ స్టవ్ పెట్టినవా?"

"లేదు."

చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "జర జల్దీ మూట కట్టు."

క్యాలిపర్లు బేస్ నుంచి కంచరగాడిదల మీద వచ్చిన రోజు ఆకాశం బూడిద రంగులో ఉంది. రేడియో గరగరలాడింది. ఆపరేటర్ విని చెప్పాడు: "పొద్దుగూకకముందే కనుమ దాటాలంట, అన్న. మస్తు మంచు పడ్తదంట."

ఆరుగురికి సరిపోయాయి. ఏడో పిల్ల తన కాలిని రెండు చేతులతో ఎత్తి వెనక్కి లాక్కుంది. ఏదో అంది. పోర్టర్ వైపు తిరిగాను.

"ఏమంటోంది?"

"మీరు గింజలు తీసిన పొద్దుటి నుంచి కాలు చల్లగా ఉందట, సాబ్. తిరిగి పోస్తేనే తొడుక్కుంటుందట."

"ఆ కాలికి చలి తెలియదు," అన్నారు మేజర్ సాబ్. మళ్లీ సూదితో గుచ్చారు. ఆమె రెప్ప కదపలేదు. మేము గింజలు తీసేటప్పుడు కొట్టంలో ఊరివాళ్లెవరూ లేరు. సంచులు ఇంకా మా దగ్గరే ఉన్నాయి.

క్యాలిపర్ లోపల పోయలేను. పోస్తే పుండు. పోయకపోతే ఈ పిల్ల మళ్లీ తల్లి వీపు మీదే.

మా బాపు దర్జీ. అమీర్‌పేటలో చిన్న దుకాణం. సూది పట్టడం బడికి పోకముందే నేర్పాడు. నా చేతి తొడుగు చించి చిన్న సంచి కుట్టాను. మోకాలి పట్టీకి బయటివైపు, చర్మానికి తగలని చోట, గట్టిగా కుట్టేశాను. ఆమె మూటలోంచి పిడికెడు బార్లీ పోసి మూతి బిగించాను.

ఆమె దాన్ని వేళ్లతో నొక్కి చూసింది. కాలు ముందుకు చాపింది.

లేచింది. తల్లి చెయ్యి వదిలింది. గుమ్మం దాకా నడిచింది. అడుగడుగుకూ కడ్డీలు చప్పుడు చేశాయి.

ఇప్పుడు సైన్యం వదిలి, పంజాగుట్టలో ఒక సందులో క్యాలిపర్ల వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. సాయంత్రం షట్టర్ దించేముందు ఆ రోజు తీసిన అచ్చుల్లో బియ్యం పోస్తాను. పొద్దున తీసి, లోపల బ్రష్‌తో దులుపుతాను. ఒకసారి బాపు వచ్చి చూశాడు.

"గవి కాళ్లా, డబ్బాలా ర? బియ్యం పోస్తున్నవ్!"

"పొద్దున తీస్త బాపు."

"తీసేదానికి పోసుడెందుకు?"

రోజూ బియ్యం తీసేటప్పుడు అరచేయి అడ్డుపెడతాను. ఇప్పటిదాకా అన్నీ చల్లగానే ఉన్నాయి.

ఆ ఊరు వదిలిన రోజు మంచు మొదలయ్యాకే బయలుదేరాం. దారి మలుపులో నేను, మేజర్ సాబ్ వెనక్కి చూశాం. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. వంగి, సూది గుచ్చినా తెలియని ఆ కుడి కాలిని రెండు అరచేతులతో రుద్దుకుంటోంది, చలి వేసిన పిల్లలు రుద్దుకున్నట్టు. తర్వాత శాలువా కొస తీసి, పాదం దాకా కప్పింది.