అర్థమైందని చెప్పాను

మా పక్కింటి మాస్టారు పోయారు. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరుతూ, ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని, ఫోన్ చూస్తూ మా అమ్మాయి చెప్పింది. "నాన్నా, పక్కింటి అంకుల్ పోయారట. వాళ్లబ్బాయి మెసేజ్ పెట్టాడు." నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. సమయానికి ఏదో ఒకటి అనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ఆయన చైనా మనిషి. నాకు చైనా మాటలు నేర్పారు కాబట్టి ఆయన్ని మాస్టారని నేనే పిలుచుకున్నాను. వాళ్ల దేశంలో ఆయన లారీ నడిపేవారని, ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదని పోయాక తెలిసింది.

రిచ్‌మండ్ హిల్‌లో మా వైపు దుకాణాల బోర్డుల్లో సగం చైనా అక్షరాలే. అమ్మాయీ అల్లుడూ రైలెక్కి టొరంటో పోతే, మనవరాలు బడికి పోతే, సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కణ్ణే. నాకు ఇంగ్లీషు రాదు. ఆయనకూ రాదు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

"ఇంగ్లీష్ క్లాసుకి రమ్మంటే సిగ్గంటావు. చైనీస్‌కి సిగ్గు లేదా నాన్నా?" అని అమ్మాయి దెప్పేది. "తాతా, యూ ఆర్ ఇన్ కెనడా!" అని మనవరాలు తల పట్టుకునేది. క్లాసంటే పదిమంది ముందు నోరు విప్పాలి. ఇక్కడున్నది ఒక్క మనిషి, ఆయనా నాలాంటివాడే.

రోజుకు ఒక్క మాట, అదీ ఆయన పద్ధతి. కోడిగుడ్డు చేతికిచ్చి "జీదాన్" అంటే ఆ రోజుకు అంతే. పక్కనున్న వెల్లుల్లిని చూపించి అడిగినా చెప్పేవారు కాదు. మర్నాడు కంచె దగ్గర పాత మాట అప్పజెప్పాకే కొత్తది. వాళ్ల మాటలో గొంతు ఎక్కడ పైకి పోవాలో, ఎక్కడ దిగాలో చేత్తో గాలిలో గీసి చూపేవారు. ఆ చెయ్యి వెంట నేను నా గొంతును నడిపేవాణ్ణి. తప్పితే "మన్ మన్ లాయ్" అనేవారు. తొందరేం లేదు, మెల్లగా రానీ, అని.

వేసవిలో గ్యారేజీ ముందు సిమెంటు మీద, బకెట్లో లావు కుంచె ముంచి నీళ్లతో అక్షరాలు రాసేవారు. అలా నాకు మొదట రాసి చూపిన మాట 'నీళ్లు'. కుంచె నాకిచ్చారు. నేను మూడో గీత లాగేసరికి మొదటి గీత ఆరిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను పక్కనే తెలుగులో 'నీళ్లు' అని రాశాను. ఆయన గొంతుక్కూర్చుని, మన గుండ్రటి అక్షరాలు ఎండకు ఒక్కొక్కటే ఆరిపోయేదాకా చూశారు.

మంగళవారం మార్కెట్టుకు తాజా ఆకుకూర వస్తుంది. ఆ రోజు ముగ్గురం బస్సెక్కేవాళ్లం. ఆయన భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచేవారు. ఆవిడకు బస్సంటే భయం, మంచు మీద జారిపడతానని ఇంకా భయం. నేను వెనకాల చక్రాల సంచీ లాక్కుంటూ వెళ్లేవాణ్ణి. ఆవిడదీ నాదీ ఒకటే తీరు, మాట పెగలదు. కాకరకాయలు ఏరేటప్పుడు మాత్రం లేతవి నాలుగు నా బుట్టలో వేసేవారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

మా ఊరి బడిలో పంతులుగారు "అర్థమైందా?" అంటే పిల్లలందరం "అయిందండీ" అని అరిచేవాళ్లం. కాలేదన్నవాడికి బెత్తం దెబ్బ. ఐదో తరగతి దాకా నేను అలాగే నెట్టుకొచ్చాను. అలవాటు పోలేదు. మాస్టారు "మింగ్‌బాయ్?" అని, అంటే అర్థమైందా అని అడిగితే, తెలిసినా తెలియకపోయినా "మింగ్‌బాయ్" అనేసేవాణ్ణి. అన్నప్పుడల్లా ఆయన ముఖం విప్పారేది. అది చూడాలనీ అనేవాణ్ణి.

పోవడానికి పది రోజుల ముందు ఆయన జబ్బుతో, వాళ్ల ముందుగదిలో మంచం మీద ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. రోజుకు ఒక్క మాట చెప్పే మనిషి ఆ రోజు ఎన్ని చెప్పారో! 'మంచు' అన్నది తెలిసింది, 'నడవడం' అన్నది తెలిసింది. మంచు మీద జాగ్రత్తగా నడవమంటున్నారు కాబోలు అనుకున్నాను.

"మింగ్‌బాయ్?"

"మింగ్‌బాయ్."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. ఆయన నా చెయ్యి వదిలి, స్థిమితంగా కళ్లు మూసుకున్నారు.

ఆయన పోయాక నాకు కుదురు తప్పింది. జాగ్రత్త చెప్పడానికి మనిషి రెండుసార్లు అడుగుతాడా? నేను దేనికి ఒప్పుకున్నాను? కంచం ముందు కూర్చుంటే లేవాలనిపించేది. నడకకు పోతే సగం దారిలో వెనక్కి వచ్చేవాణ్ణి. ఆయన లేకుండా మార్కెట్టుకు కాళ్లు రాలేదు. వాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే ఆవిడ కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని కనపడేవారు. కొడుకు కోసమేమో అనుకుని, నమస్కారం పెట్టి నా దారిన పోయేవాణ్ణి. అలా మూడు మంగళవారాలు.

చివరికి అమ్మాయితో చెప్పాను. "ఆయన ఏదో అడిగారమ్మా. సరేనన్నాను. ఏమిటో నాకు తెలీదు."

"తెలీకుండా సరే అని ఎందుకన్నావు నాన్నా?"

"చిన్నప్పటి అలవాటు."

అమ్మాయి మాస్టారి అబ్బాయికి ఫోన్ చేసింది. అతను తల్లిని అడిగి చెప్పాడు. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"మంగళవారాలు ఆంటీకి తోడుగా మార్కెట్‌కి వెళ్లమని అడిగారట. నువ్వు సరేనన్నావట."

"ఆవిడేమంటున్నారు?"

"వాళ్లబ్బాయి డ్రైవ్ చేసి తీసుకెళ్తానన్నా వద్దందట. పక్కింటాయన మాటిచ్చారు, వస్తారు, ఆయనకీ బాధగా ఉంటుంది కదా, తొందరపెట్టకు అందట."

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మంగళవారం వెళ్లి తలుపు కొట్టాను. ఆవిడ కోటుతోనే ఉన్నారు. "బు మింగ్‌బాయ్" అన్నాను. నాకు అర్థం కాలేదు, అని. మాస్టారితో ఒక్కసారైనా అనలేకపోయిన మాట అది. ఇంకా చాలా చెప్పాలని ఉంది, నాకు అన్ని మాటలు రావు. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, సంచీ పిడి నా చేతికిచ్చారు.

మోచెయ్యి చాపాలా వద్దా అని నేను బెరుకుపడుతుంటే ఆవిడే సంచీ పిడికి రెండో పక్క పట్టుకున్నారు. అలా అడుగులో అడుగు వేసుకుంటూ స్టాపు దాకా వెళ్లాం.

అక్కడి బెంచీ నిండా మంచు. ఆవిడ చేతి తొడుగుతో తనకు ఒక చోటు తుడుచుకున్నారు. తర్వాత కాస్త ఎడంగా నాకు ఒక చోటు తుడిచారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత మంచు ముట్టుకోకుండా వదిలేశారు. దానికి చెరో పక్కా కూర్చుని, బస్సు వచ్చే వైపు చూస్తూ ఉండిపోయాం.