తండ్రుల షిఫ్టు చూసి పెట్టిన ఆట

నా మాటల్లో సగం తీసేసి చదవండి.

గోదావరిఖనిలో ఆడపిల్లలకు జీతమిచ్చే మొదటి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టినప్పుడు, అందరూ కాక అని పిలిచే మా కోచ్ జేబులో ఆ పిల్లల తండ్రుల షిఫ్టుల చీటీ ఉండేది. వాళ్లు గనిలోకి దిగాకే బిడ్డలు మైదానానికి వచ్చేవాళ్లు. ఆయన విజిల్ తాడు నములుతూ "ఫికర్ లేదు" అనేవాడు. నెలకు మూడు బారల తాడు తినేవాడు.

మొదటి మ్యాచి నాడే గోల్‌కీపర్ తండ్రి షిఫ్టు మారింది. ఆట మధ్యలో వచ్చి, మసి మొహంతో గోల్ వెనక నిలబడ్డాడు.

"కుట్టు నేర్వవోతున్నదన్నరు. గిదేనా మిషను, అన్నా?"

"ఫికర్ లేదు తమ్మీ, కుట్టు గూడ నేర్పిస్త." కాక విజిల్ తాడు కొరికాడు.

అప్పుడే పిల్ల ఎగిరి బంతిని ఆపింది. తండ్రి చప్పట్లకు గని అదిరింది.

ఆ చప్పట్లే నా కల్పన. నిజానికి ఆ తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. మిగిలిన ఆట పదిమందే ఆడారు.