వేట లేని నెలల్లో ఇసుక

చేతిలో జీపీఎస్ పట్టుకుని ఊళ్ల హద్దులు కొలిచే ఉద్యోగం నాది. గజపతినగరంలో మా మేనత్త ఇంటికి మాత్రం ఇప్పటికీ దారి అడుక్కునే వెళ్తాను. ఉపగ్రహాల అనుగ్రహం ఉంటే చాలు, మిగతాది యంత్రమే చూసుకుంటుందని చేరేటప్పుడు చెప్పారు. అధికారి ఆగ్రహం సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో కళింగపట్నం వైపు తీరం భూములు కొలవమని పంపారు. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. చేపలు ఎండబెట్టే ఇసుక మేట నున్నగా ఉంది. వేట లేనప్పుడు ఆడవాళ్లు కర్రలూ వలలూ తీసేసి దాన్ని ఊడ్చి ఉంచుతారు. నేను చుట్టూ నడిచి హద్దులు పట్టి, ‘చేపలు ఎండబెట్టే చోటు’ అని పంపాను.

కాసేపటికే అధికారి ఫోను.

“ఉపగ్రహం బొమ్మలో ఒట్టి ఇసుకేనయ్యా. ఖాళీ అని మార్చు.”

“ఇప్పుడు వేట నిషేధం సార్, అందుకే...”

“పైవాళ్లకు కావలసింది ఖాళీ స్థలాలే. మార్చు.”

నా పక్కన నిలబడ్డ పెద్దావిడకు ఆ అరుపు వినబడింది.

“ఏటి బావూ, ఏటంతన్నాడు?”

చెప్పాను. ఖాళీ అని రాస్తే మేట వేరే పనికి పోతుందనీ చెప్పాను.

“ఓలమ్మా! ఏట ఆపీమన్నదీ ఆలే, సేపలు నేవన్నదీ ఆలేనా? పొయ్యి ఆరితే ఇల్లు కాళీ అంతాడేటి?”

ఊరివైపు తిరిగి కేకేసింది. “ఒసే, దాసుకున్న సేపలు అట్టుకురండే!”

వానాకాలానికి దాచుకున్న ఎండుచేపలు బుట్టలతో వచ్చాయి. మేటంతా పరిచారు. బతుకుతున్నామని రుజువు చూపించడానికి, ఎండినవాటినే మళ్లీ ఎండబెట్టాలా? అక్కడ చేపలు ఎండుతుంటే ఇక్కడ నా ఒళ్లు మండింది. ఫోటో తీసి, రాసిన మాట మార్చకుండా మళ్లీ పంపాను.

మళ్లీ ఫోను. “ఏమిటయ్యా ఈ నాటకం?”

“ఖాళీ అనే మాట నా చేత్తో రాయను సార్. మీరే వచ్చి, ఈ చేపలు తీయించి రాసుకోండి.”

ఆఫీసులో ఇంకో టీ అడగడానికే తడబడే గొంతు నాది. అది అంత గట్టిగా లేస్తుందని నాకే తెలీదు. అవతల ఫోను పెట్టేశాడు.

“మేటని ఒగ్గీసినాడేటి?” అంది పెద్దావిడ.

“తెలీదమ్మా.”

“అయితే సేపలు తియ్యకండే,” అని ఆమె ఇసుకలో చతికిలబడి కాకుల్ని తోలసాగింది. నేను మేటకు రెండోవైపు కూర్చున్నాను.