తాతయ్య చెవి, నా పళ్ళు

తాడేపల్లిగూడెం బస్టాండులో దిగి స్కూలుకి నడుస్తుంటే రైసుమిల్లు వైపు నుంచి ఉడికిన ధాన్యం వాసన వస్తుంది. సైన్సు టీచరుగా రోజూ పీల్చే గాలే అయినా, ఆ వాసనకి నాకు ముందుగా గుర్తొచ్చేది ధాన్యపు నూగు అంటుకున్న తాతయ్య చెవి.

అమ్మానాన్నలు కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద ఉండేవారు. అక్కడికి బడి దూరమని నన్ను పెంటపాడులో, అమ్మమ్మ పోయి ఒంటరైన తాతయ్య దగ్గర వదిలారు. అమ్మ ఎప్పుడైనా ఆదివారం వచ్చి వెళితే, ఆమె చీర నుంచి దుప్పటికి పట్టిన చేపల మేత వాసన పోతుందని బుధవారం దాకా దాన్ని ఉతకనిచ్చేదాన్ని కాదు. బళ్ళో నాతో జట్టు కట్టేవాళ్ళు లేరు. నాకున్న స్నేహితుడల్లా తాతయ్యే.

కోతలై, కళ్ళాల్లో ధాన్యం ఎండబోసి, పొద్దున్నే మంచులో గడ్డి వాసనేసే రోజుల్లో ఊళ్ళోవాళ్ళు మిల్లుకి తోలేముందు తేమ చూడమని ఆయన్ని పిలిచేవారు. గింజని పంటికింద వేసి కొరికి, ఆ చప్పుడుని బట్టి తేమ నూటికి పద్నాలుగో పదిహేడో చెప్పేవారట. ఎండిన గింజ టక్కుమంటుంది, తడి గింజ మెత్తగా నలుగుతుంది. నేను వచ్చేనాటికి ఆయనకి ఒక్క పన్నూ లేదు, కాల్చిన తేగనైనా రోట్లో దంచి పెట్టాల్సిందే. అందుకని గింజ నేను కొరికేదాన్ని, ఆయన నా దవడకి చెవి ఆనించి వినేవారు.

"గట్టిగా కొరకమ్మాయ్. మొహమాటపడితే గింజ నిజం చెప్పదు" అనేవారు.

ఎనిమిదో తరగతిలో సైన్సు మేడం, ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చిన ఒక విద్యని సైన్సుతో, లెక్కలతో, బొమ్మలతో పరీక్షించి తెమ్మన్నారు. ఇద్దరిద్దరు జతగా చెయ్యాలి. అందరికీ జతలు కుదిరాక నేను మిగిలాను.

"మేడం, మా తాతయ్య నాకు జతగా ఉండొచ్చాండీ?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు, సరేనన్నారు.

ముందు గింజలు తూచి, తేమ పోయేదాకా ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. తొందరకొద్దీ ధాన్యాన్ని పెనం మీద వేయిస్తే తేమతోపాటు లెక్కా పోయి పేలాలు మిగిలాయి, తాతయ్య వాటిని దంచి బెల్లంతో తినేశారు. తరవాత బుద్ధిగా ఎండలో పెట్టి, కంసాలిగారి కాటాలో తూచి, గ్రాఫు గీసి, పక్కన తాతయ్య చెవి బొమ్మ వేశాను. నా చిన్నతనంలో నేను ఒంటరిని కానని అనిపించిన నెల అదొక్కటే.

ప్రదర్శన రోజు తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని బడికి వచ్చారు. మేడం మిల్లు నుంచి తేమ కొలిచే మిషను తెప్పించారు. మొదటి రెండు పళ్ళేల్లో ధాన్యానికీ ఆయన చెప్పిన అంకే మిషనూ చూపించింది. మూడోది కొరకబోతుంటే, ఆయన చెవి నా బుగ్గకి ఆనడం చూసి వెనకనుంచి ఎవరో "ముద్దు పెట్టించుకుంటున్నాడ్రోయ్" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయి, గింజని గట్టిగా కొరక్కుండా పళ్ళ మధ్య మెల్లగా నలిపాను.

తాతయ్య కాసేపు నా మొహం చూసి "ఇరవై" అన్నారు. మిషను పద్నాలుగంది.

"మా పిల్ల బాగానే కొరికిందండీ. నా చెవే మందగించింది" అన్నారాయన న్యాయనిర్ణేతతో.

ఆ తరవాత ఎవరు పిలిచినా కళ్ళానికి వెళ్ళలేదు. "చెవి పోయిందండీ, మిషనుకి చూపించుకోండి" అనేవారు. తప్పు నాదని చెబుదామని నోటిదాకా వచ్చేది. రెండేళ్ళు అలా నోటిదాకా వస్తూనే ఉంది, ఈలోగా ఆయన వెళ్ళిపోయారు.

ఇప్పుడు పెంటపాడులో కళ్ళాలు లేవు. కోతమిషను పోసిన ధాన్యం రోడ్డుమీదే ఎండి లారీ ఎక్కుతుంది. మా క్లాసు పిల్లలు ప్రాజెక్టులు కొట్లో కొనితెస్తున్నారని, నిన్న ల్యాబులో గుప్పెడు ధాన్యం పోసి ఈ కథంతా చెప్పాను. నేను దాచిన ముక్కతో సహా.

ముందు బెంచీ పిల్ల ఒక గింజ నా చేతిలో పెట్టి, "ఇందులో ఎంతుందండీ మేడం?" అంది.

ఆ రోజు కొరకాల్సినంత గట్టిగా కొరికాను. టక్కుమంది. పిల్లలందరూ అంకె కోసం నా మొహంలోకి చూస్తున్నారు. నాకు కొరకడమే వచ్చు, వినడం రాదు.