కడిగిన కొక్కెం

మొన్న దేవరకొండ పక్కన మా ఊరికి వెళ్లినప్పుడు సువార్తక్క వాకిట్లో కూర్చుని ఇనుప మూకుడు తోముతోంది. నానబెట్టిన చింతపండు, దాని మీద ఇటుక పొడి, చేతిలో పీచు. ఆ పులుపు వాసనకు తడి ఇనుము వాసన తోడైతే నేనిప్పటికీ ఉన్నచోటే ఆగిపోతాను. ఇంకొకరికి అది పండగ ముందురోజును గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం మా సత్తయ్య సారు గుర్తొస్తారు. "ఏందే గట్ల నిలవడ్డవ్? లోపలికి పో, చాయ పెట్టిన," అంది అక్క తలెత్తకుండానే. లోపలికైతే వెళ్లాను గాని చాయ ముట్టుకోలేదు.

సత్తయ్య సారు నాకు ఎం.టెక్. చెప్పిన మనిషి. తెలంగాణ వచ్చిన తొలినాళ్లలో నల్లగొండ బయట ఒక ప్రైవేటు కాలేజీలో మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్‌లో చేరాను. లోహాన్ని కరిగించడం, పోత పోయడం, కోయడం, అతకడం, చేసిన వస్తువు ఎంతకాలం నిలుస్తుందో చూడడం, అదీ ఆ చదువు. దాచుకోవడం ఎందుకు, అప్పట్లో మావైపు ఎం.టెక్. అంటే బస్సు వచ్చేదాకా నిలబడే షెడ్డు. ఉద్యోగం రాని అబ్బాయిలూ సంబంధం కుదరని అమ్మాయిలూ వచ్చి కాసేపు నిలబడి పోయేవారు. నా తరగతిలో పేర్లు చాలానే ఉండేవి గాని మనుషులు పరీక్షలప్పుడే కనిపించేవారు. కూలిపని చేసి నన్ను చదివిస్తున్న ఇంటి నుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు ఆ సోకు లేదు, రోజూ వెళ్లేదాన్ని. చాలా రోజులు ఆ గదిలో సారూ నేనూ తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. అయినా ఆయన వెనక బెంచీ దాకా వినిపించేలా పాఠం చెప్పేవారు. "సార్, నేనొక్కదాన్నే ఉన్న, జర మెల్లగ చెప్పినా వినవడ్తది," అన్నానొకసారి. "నాకు మెల్లగ చెప్పుడు రాదు బిడ్డా, మగ్గం చప్పుడుల పెరిగిన గొంతు ఇది," అని నవ్వి, మళ్లీ అదే గొంతుతో అందుకున్నారు.

ల్యాబులో కిటికీ పక్కన ఆయన అలమారా ఒకటి ఉండేది. అందులో ఒక్కటీ మంచి వస్తువు లేదు. విరిగిన ఇరుసులు, పళ్లూడిన గేర్లు, తెగిన బోల్టులు. పాత సామాన్ల దుకాణాల వాళ్లు ఆయన్ని చూస్తే చాలు నవ్వుకునేవారట, సారు పనికిరానిది ఏరుకోవడానికి వచ్చాడని. నేను మొదటిసారి దాన్ని తెరిచినప్పుడు ఎవరైనా చేసే పనే చేశాను. విరిగిన ఇరుసు ముక్కలు రెండూ తీసి, ఒకదానికొకటి ఆనించి సరిపోతున్నాయా అని చూడబోయాను. సారు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు, కలపకు!"

"ఎట్ల విరిగిందో చూస్తున్న సార్."

"కలిపినవంటే రెండు ముఖాలు రాసుకుంటయి. రాసుకుంటే అండ్ల ఉన్నదంతా చెరిగిపోతది. మాది భువనగిరి దగ్గర, సాలోళ్ల ఇల్లు. మా ఇంట్ల పోగు తెగితే ఎంటనే అతకాలె, లేకుంటే మా నాయిన ఊకునేటోడు కాదు. ఈ చదువుకొచ్చినంక చెయ్యి ఆపుకొనుడే నాకు అన్నిటికన్న కష్టమైంది. తెగినదాన్ని తెగినట్టే ఉంచి చూడాలె."

తర్వాత భూతద్దం చేతికిచ్చి చూపించారు. ఇనుము మనం అనుకున్నట్టు ఒక్కసారిగా విరగదు. ఎక్కడో చిన్న పగులు మొదలై, రోజూ కొంచెం కొంచెం పాకి, ఇక మిగిలింది బరువు మోయలేక ఒకనాడు పుటుక్కుమంటుంది. పాత పగులులోకి గాలీ తేమా పోయి అక్కడ తుప్పు నల్లగా పట్టి ఉంటుంది. పగులు పాకిన మేరా సన్నని గీతలుంటాయి. చివరన విరిగిన చోటు మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ నలుపెంత, ఆ తెలుపెంత అన్నది చూస్తే తప్పు ఆ రోజుదో, ఎన్నాళ్ల కిందటిదో తెలిసిపోతుంది. ఇంత సులువైన సంగతి నాకు నాలుగేళ్ల బీటెక్‌లో ఎవరూ చెప్పలేదని ఒళ్లు మండింది.

రెండో ఏడాది మొదట్లో దానియేలు బావ చనిపోయాడు. సువార్తక్క మా పెద్దమ్మ కూతురు, దానియేలు బావ ఆమె భర్త. చిట్యాల రోడ్డు మీద ఒక చిన్న ఇనుప షెడ్డులో పనిచేసేవాడు. గొలుసుతో బరువు ఎత్తుతుండగా కొక్కెం విరిగి, ఇనుప దూలం మీద పడింది. మట్టి చేసి వచ్చేలోగానే షెడ్డు యజమాని మనుషులు ఊరంతా మాట వేసేశారు. వద్దన్నా వినకుండా ఎక్కువ బరువు తగిలించాడట, తన చావు తానే తెచ్చుకున్నాడట. అక్కకు బావ పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తోటి పనివాడొకడు, యజమాని మాయం చేస్తాడేమోనని, కిందపడ్డ కొక్కెం ముక్కను తువాలులో చుట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. మిగతా సగం గొలుసుకే ఉండిపోయి, మర్నాటికి ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. నాకు ఈ కబురు తెలిసి అక్కకు ఫోన్ చేశాను. "ఆ ముక్క తీసుకొని మా కాలేజీకి రా. మా సారు చూసి బావ తప్పు ఉందో లేదో చెప్తడు," అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ల్యాబులో బల్ల మీద తెల్లటి గుడ్డ విప్పింది అక్క. కొక్కెం కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. విరిగిన ముఖం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే మెరుపు.

"నెత్తురు గడ్డకట్టి ఉండె సార్," అంది అక్క. "మీ అసొంటి పెద్దోళ్ల ముంగట గట్ల ఎట్ల పెడ్త? చింతపండు ఏసి, ఇటుక పొడితోని మంచిగ తోమిన. మా ఆయన నెత్తురు ఎవ్వల చేతులకు అంటొద్దని నేనే కడిగిన."

సారు కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టారు. ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దంతో చాలాసేపు చూశారు. అక్కడ చూడడానికేమీ లేదని నాకు ఇక్కడి నుంచే తెలుస్తోంది. అయినా తిప్పి తిప్పి చూశారు. తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడ్డారు.

"అమ్మా, నాకు చేతనైత లేదు. నా చదువు దీనికి సాలలే."

"గదేంది సార్? మా ఎస్తేరు మీకు అన్నీ తెలుసునన్నది!"

"తెలుసనుకున్న. తెలువలే. మాఫ్ చెయ్యమ్మా."

అక్క ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూసి, కొక్కేన్ని గుడ్డలో చుట్టుకుని లేచింది. ఆమెను బస్సెక్కించి వచ్చి నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. పాత పగులు లేకుండా మామూలు బరువుకు కొక్కెం విరగదని మీకు తెలియదా? ఒక్క ముక్క రాసిస్తే ఆమె గుండె మీద బండ దిగేది కదా? ఆ షెడ్డువాడు అబద్ధం ఆడొచ్చుగాని మనం ఆడకూడదా? ఇలా నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన చివరిదాకా విన్నారు.

"పాత పగులే అని నాకు అనిపిస్తాంది. నా మనసుకు అనిపించేది రాస్తే అది సాక్ష్యం కాదు బిడ్డా. రేపు ఇంకో ముక్క పట్టుకొని ఇంకో అక్క వస్తది, అప్పుడు నా మాట ఎవడింటడు?"

"మరి కడిగినందుకే పోయిందని అక్కకు ఎందుకు చెప్పలే? చేతకాదని మీ మీద ఎందుకేసుకున్నరు?"

"మొగన్ని మట్టి చేసి వచ్చిన మనిషికి, ఇంకోటి గూడ నీ చేతులతోనే పోయిందని చెప్పమంటవా?"

లేబర్ ఆఫీసులో ఆ ముక్క చెల్లలేదు. తప్పు బావదేనని తేల్చేశారు. ఊళ్లో సత్తయ్య సారు పేరు నవ్వులపాలైంది. గింత చదివినోనికి కొక్కెం ఎట్ల విరిగిందో తెలువదట అని మా చిన్నాన్నలు నా ముందే అనేవారు. నాకు నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని.

ఆ కోపంలోనే నా థీసిస్ మార్చుకుంటానన్నాను. కడిగిన ముక్క ఎంతవరకు చెప్పగలదో చూడాలని. సారు వెంటనే ఒప్పుకున్నారు. ఇనుప కడ్డీలను కొంచెం కొంచెంగా పగిలేలా చేసి, తడిగాలికి తుప్పు పట్టనిచ్చి, విరిచి, ఒక్కోదాన్ని ఒక్కో రకంగా కడిగాను. ల్యాబంతా చింతపండు వాసన. చింతపండు పులుసులో మాత్రమే నానబెట్టినవాటికి తుప్పు పోయింది గాని, పగులు పాకిన గీతలు భూతద్దానికి ఇంకా కనిపిస్తున్నాయి. ఇటుక పొడితో రుద్దినవాటి మీద ఏమీ మిగల్లేదు. అంటే అక్క అంత శ్రద్ధగా తోమకుండా, పైపైన కడిగి ఊరుకున్నా బావ గెలిచేవాడేమో. ఆ ముక్కలు బల్ల మీద వరుసగా పెట్టి నేను ఏడుస్తుంటే సారు పక్కన నిలబడ్డారు.

"ఇది మీ అక్కకు చెప్తవా?"

"చెప్పను సార్."

"చెప్పకు. థీసిస్‌ల మాత్రం ఉన్నదున్నట్టు రాయి."

రాశాను. పట్టా వచ్చింది. నా వెనక చేరేవాళ్లు లేక ఆ కోర్సు ఎత్తేశారు, సారును ఇంటికి పంపేశారు. అలమారాను పాత ఇనుము కింద అమ్మేశారని విన్నాను. కొన్నాళ్లకు భువనగిరిలో ఆయన గుండె ఆగి పోయారు. వెళ్లేసరికి గుమ్మం ముందు నలుగురు మనుషులు కూడా లేరు. అంత గొంతున్న మనిషి అలా నిశ్శబ్దంగా పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు నా ఉద్యోగమే విరిగిన వాటిని పరీక్షించడం. ఎక్కడ ప్రమాదం జరిగినా కార్ఖానాకు ముందు చనిపోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేస్తాను. ఓదార్పు మాట కన్నా ముందు "ఏమన్న ముక్క మీ దగ్గర ఉంటే కడగకున్రి అమ్మా, నెత్తురున్నా సరే," అంటాను.

మొన్న అక్క మూకుడు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. చల్లారిన చాయ వంక చూసింది.

"నీకు ఇంత మంచి నౌకరి వచ్చింది, ఎన్నో ఇనుములు చూస్తున్నవు. ఆ పొద్దు నువ్వే పెద్దదానివై ఉంటే మీ బావ మీద మాట పడకపోవు. ఆ సారుకే చదువు రాకపాయె."

ఆమె వేళ్ల సందుల్లో ఇటుక పొడి ఇంకా ఎర్రగా ఉంది.

"అవునక్కా," అన్నాను. "ఆయనకు రాకపాయె."