తల్లిని చూడని బేరం

రొయ్య పిల్లను కొనడంలో నాకు పేరుంది. హేచరీకి స్వయంగా వెళ్తాను. తల్లి రొయ్యలున్న ట్యాంకు చూపించమంటాను. పిల్లల్ని టబ్బులో వేసి, నీళ్లు గిర్రున తిప్పి, ఎన్ని ఎదురీదుతున్నాయో చూస్తాను. ల్యాబు రిపోర్టు చేతికి రానిదే ఒక్క సంచీ బండెక్కనివ్వను. తోటపల్లి గూడూరు వైపు చెరువులున్నవాళ్లు నన్ను అనుమానపు మనిషి అంటారు. బిరుదుగానే తీసుకున్నాను.

అటువంటి నేను, నా రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకని, కుక్కపిల్లను కొడవలూరు దగ్గర హైవే పక్కన కారు డిక్కీలోంచి కొన్నాను. పది నిమిషాలు పట్టింది. అందులో సగం దాని చెవుల్ని మెచ్చుకోవడానికే.

"దీని తల్లి యాడుంది?" అన్నాను, అడిగాననిపించుకోవడానికి.

"చెన్నైలో అన్నా. ఏసీ లేకపోతే ఉండలేదు," అన్నాడు అమ్మేవాడు. పిల్ల మాత్రం అట్టపెట్టెలో, ఎండలో ఉంది. "నలభై ఐదు రోజులది. టీకాలయిపోయినాయి. కార్డు ఇదిగో."

కార్డు కొత్తగా ఉంది. సంతకం అందంగా ఉంది. డిగ్రీ చదివిన నాలాంటివాడికి ఇంకేం కావాలి?

మూడో రోజు పిల్ల పాలు ముట్టలేదు. నాలుగో రోజు నెత్తురు విరేచనాలు. పశువుల డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసింది.

"పళ్లు ఇప్పుడే మొలస్తా ఉండాయి. దీనికి నెల కూడా నిండలేదు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉండాల." కార్డు అటూ ఇటూ తిప్పింది. "టీకా సీసా స్టిక్కరు ఇక్కడ అంటిస్తారు. అదేదీ? ఇది పార్వో, కుక్కపిల్లల్ని చంపే జబ్బు. మీరేం చూసుకోలేదా సార్?"

చెవులు చూసుకున్నానని చెప్పలేదు.

నా చిటికెన వేలంత కాలికి సెలైన్ సూది పెట్టారు. అది కదలకుండా రెండు రోజులు ఆ కాలు పట్టుకు కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి పట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది.

"రొయ్యకైతే ల్యాబుకు పరిగెత్తతారే," అంది మా ఆవిడ. "దీని తల్లిని చూసేదానికి కాళ్లు రాలేదా మీకు?"

కార్డు మీదున్న నంబరు చూసి అమ్మినవాడికి ఫోన్ చేశాను.

"మీ నీళ్లు పడలేదేమో అన్నా. ఆదివారం రాండి, ఇంకోటి ఇస్తా," అన్నాడు. కాలిపోయిన బల్బు మార్చి ఇచ్చేవాడి గొంతు అది.

ఆదివారం మళ్లీ ఆ హైవే పక్కకే వెళ్లాను, ఇంకోటి కోసం కాదు. బైకు మీద రొయ్య మేత సంచి వేసుకొచ్చిన ఒకాయన, అప్పటికే ఒక పిల్లను గుండెకు హత్తుకుని ఉన్నాడు.

"అన్నా, ల్యాబు రిపోర్టు చూడకుండా రొయ్య సీడు కొంటావా?" అన్నాను.

"ఎవురైనా కొంటారా?"

"మరి దీని తల్లిని చూసినావా?"

"సార్, మీకు ఇంకోటి ఇస్తానన్నా గదా, యాపారం చెడగొట్టబాకండి," అన్నాడు అమ్మేవాడు.

"ఇంకోటా? ముందుదానికేమైంది?" అన్నాడు బైకాయన.

"పూడ్చినాను."

ఆయన పిల్లను మెల్లగా పెట్టెలో దించి, చేతులు చొక్కాకు తుడుచుకుని, బైకెక్కాడు.

గెలిచాననే అనుకోవాలి. ఆ పిల్ల మాత్రం పెట్టె అంచు మీద గడ్డం ఆనించి, బైకు పోయిన వైపే చూస్తోంది. దానితో కలిపి పెట్టెలో ఐదు.

"వీటిలో ఎన్నింటికి టీకాలు వేయించినావురా?" అని అరిచాను.

"అన్నిటికీ సార్," అంటూ వాడు జేబులోంచి ఐదు కార్డులు తీసి చూపించాడు. సంతకం అన్నిటి మీదా అందంగానే ఉంది.