ఆర్డినెన్స్ కత్తి

ప్రింటింగ్ ప్రెస్సులో అందరూ ఆయన్ని కామాగారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ ప్రూఫులు దిద్దడమే ఆయన పని. పాఠ్యపుస్తకాలు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు, ఎన్నికల కరపత్రాలు, ఏదైనా సరే ఆయన ఎర్రపెన్ను దాటి బయటపడాల్సిందే. బస్సు వెనక రాతలో ఒక్క ఒత్తు తప్పినా ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టుండేది.

అలాంటి మనిషికి కత్తుల పిచ్చి పట్టడానికి కారణం కూడా అక్షరాలే. ఒక ఆదివారం గూడ్స్ షెడ్డు వెనక పాతసామాన్ల బజారుకు తలుపు గొళ్లెం కొందామని వెళ్లి, తుప్పుపట్టిన మడతకత్తి ఒకటి చేతిలోకి తీసుకున్నారు. బ్లేడు మొదట్లో ఏదో గీత ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి దగ్గరగా చూస్తే, గీత కాదు, సైన్యం తన సామాన్ల మీద వేసే బాణం గుర్తు. పక్కనే ఆవగింజంత అంకెల్లో సంవత్సరం. ఎవరో సిపాయి జేబులో తిరిగిన కత్తన్నమాట. రెండు టీల ధరకు వచ్చింది. గొళ్లెం సంగతి మరిచిపోయి ఇంటికొచ్చారు.

నాలుగేళ్లలో అవి పదిహేడయ్యాయి. మధ్యాహ్న భోజనం ఖరీదు దాటితే కొనకూడదని ఆయన పెట్టుకున్న నియమం. తెచ్చిన కత్తికి నూనె పట్టించి, ముద్ర మీద సుద్దపొడి రుద్ది, గుడ్డతో తుడిచేవారు. అరిగిపోయిన అక్షరాలు తెల్లగా లేచి నిలబడేవి. డబ్బాలు తెరిచే కొక్కెం ఏ తీరుగా ఉంది, తాళ్ల ముడులు విప్పే లావుపాటి సూది ఉందా లేదా, నాలుగు అంకె తల మూసుకుందా తెరుచుకుందా, ఇవన్నీ చూసి ఏ కాలం కత్తో చెప్పేవారు. ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. ఇంట్లో పదిహేడు కత్తులుండీ టమాటా తెగడం లేదని ఆవిడ ఫిర్యాదు. సానపడితే ముద్ర చెరిగిపోతుందని ఆయన జవాబు. చివరికి ఆవిడే బజారుకెళ్లి పద్దెనిమిదోది కొనుక్కొచ్చి, దాని జోలికి రావద్దని మర్యాదగా హెచ్చరించింది.

ఆవిడ అన్నయ్యకు డ్రైవింగ్ స్కూలుండేది. పక్కసీట్లో కూర్చుని ఏళ్ల తరబడి "బ్రేకు, బ్రేకు" అని అరిచిన గొంతు కావడంతో ఆయనకు బ్రేకు మాస్టారని పేరు స్థిరపడిపోయింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక స్కూలు మూసేసి, ఏడాదిగా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి ఒకరోజు బంధువులందరికీ ఫోన్లు చేసి రమ్మన్నారు. వెళ్లి చూస్తే, హాల్లో గాజుపెట్టె, అందులో మఖమల్ గుడ్డ మీద జానెడు కత్తి. ఎవరో సేనాధిపతి నడుముకు కట్టుకున్నదట. అమ్మినవాడు చెప్పిన కథకు మాస్టారు తన వంతుగా ఒక నదినీ రెండు గుర్రాలనీ చేర్చి చెప్పారు. బావగారి చిల్లర కత్తుల సైన్యం దీని ముందు దిగదుడుపేనని కూడా అన్నారు.

కామాగారు గాజు మీదికి వంగి ముద్ర చదివారు. ఒక అక్షరం దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. ఇంటికి నడుస్తూ భార్యకు విషయం చెప్పారు.

"మా అన్నయ్య మొహంలో నవ్వు చూసి ఏడాదైంది. మీ ఎర్రపెన్ను జేబులోంచి తీయకండి," అందావిడ.

ఆయన తీయలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. ప్రెస్సులో కామా పెట్టాల్సిన చోట చుక్క పెట్టారు. అలాంటిది ఎన్నడూ జరగలేదని ఓనరు కూడా కంగారుపడ్డాడు.

నాలుగో రోజు బ్రేకు మాస్టారు చేతికర్ర ఊతంతో ప్రెస్సుకే వచ్చారు. గాజుపెట్టె పక్కన పెట్టడానికి కార్డు అచ్చేయించాలట. కత్తి చరిత్ర, దాని మీదున్న ముద్ర అక్షరం పొల్లుపోకుండా రాసి తెచ్చారు. టైపు చేసిన కాగితం కామాగారి బల్ల మీదికి వచ్చింది. ఆయన మనసు వద్దంటూనే ఉంది, చెయ్యి ఆగలేదు. ఇంగ్లీషు ముద్రలో ఒక 'ఐ' అక్షరం మీద ఎర్రగీత పడిపోయింది.

"అది కొట్టేశారేం బావగారూ? కత్తి మీద అలాగే ఉంది," అన్నారు మాస్టారు.

కామాగారు పెన్నుకు మూత పెట్టారు. "తప్పు కాగితం మీద కాదు బావా. కత్తి మీద."

ఆయుధాల డిపోను 'ఆర్డ్‌నెన్స్' అంటారని, మధ్యలో ఒక్క 'ఐ' దూరిందంటే అది 'ఆర్డినెన్స్', అంటే సర్కారు ఆదరాబాదరాగా తెచ్చే చట్టం అయిపోతుందని నెమ్మదిగా వివరించారు. సైన్యం తన డిపో పేరే తప్పు రాసుకోదు కదా అన్నారు.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీది ఎర్రగీతను మళ్లీ చూశారు. "అంటే నేను కొన్నది కత్తి కాదు, చట్టం," అన్నారు. కాగితం పక్కన పెట్టి, "మీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"మొదటిరోజే."

"ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నారా? మీరా?"

కత్తి నకిలీ అని తెలిసినప్పటికంటే ఇప్పుడే ఆయన ఎక్కువ ఆశ్చర్యపోయారు. తన కోసమే దాచారని అర్థమయ్యేసరికి ఆయనకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుకు లోపలి మిషన్ దగ్గరివాళ్లు కూడా తొంగిచూశారు. కార్డు మానలేదు. "కత్తి నకిలీ, పెట్టె అసలు" అని అచ్చేయించుకుని వెళ్లారు.

ఆపై ఆదివారం నుంచి ఇద్దరూ కలిసే పాతసామాన్ల బజారుకు వెళుతున్నారు. బేరం మాస్టారిది, చదవడం కామాగారిది. ఆ గొంతు వినగానే దుకాణదార్లు సగం ధరకు దిగిపోతారు, మిగతా సగం టీలకు అవుతుంది. మోకాలు నొప్పెట్టినప్పుడు మాస్టారు ఎవరి దుకాణం ముందైనా స్టూలు వేయించుకుని, పక్కనే నిలబడ్డవాళ్లకు నకిలీలు కనిపెట్టడం ఎలాగో పాఠం చెబుతుంటారు. చెప్పేదాంట్లో సగం తప్పని తెలిసినా కామాగారు అడ్డురారు, దూరంగా జరిగి కత్తులు ఏరుకుంటారు.

మొన్న ఒక తట్ట అడుగున మాస్టారికి సొంతంగా ఒకటి దొరికింది. పిడి పగిలింది, కొక్కెం విరిగింది, సంవత్సరం మాత్రం స్పష్టంగా ఉంది. అది ఆయన పుట్టిన ఏడాది. కామాగారు చూస్తానని చెయ్యి చాపితే, "ఆగండి, ముందు నన్ను చదవనివ్వండి," అని కత్తిని తన కళ్లదగ్గరికి తీసుకున్నారు.